జపాన్ నుంచి ఊరికి బయల్దేరే ముందు: రీఎంట్రీ, జైర్యూ కార్డు, పద్నాలుగు రోజుల లెక్క

టోక్యో విమానాశ్రయాలు నరితాలో గానీ హనేడాలో గానీ సెక్యూరిటీ దాటాక, ఇమిగ్రేషన్ కౌంటర్లకు కొంచెం ముందు ఒక బల్ల ఉంటుంది. దాని మీద పెన్నులు, చీటీల దొంతరలు. ఇక్కడ నివాసం ఉంటున్న విదేశీయులు నింపాల్సిన రీఎంట్రీ చీటీ అక్కడే దొరుకుతుంది. పేరు, పుట్టిన తేదీ, ఫ్లైట్ నంబరు, సంతకం. రెండు నిమిషాల పని. ఆ చీటీలో ఒక చిన్న గడి ఉంది: తాత్కాలికంగా వెళ్తున్నాను, మళ్లీ వస్తాను అని దాని అర్థం. ఇక్కడ మన నివాస హోదా నిలవడమూ పోవడమూ ఆ గడిలో పెట్టే టిక్కు మీదే ఉంది.

జపాన్ చట్టం ప్రకారం నివాస హోదా ఉన్న విదేశీయుడు రీఎంట్రీ అనుమతి లేకుండా దేశం దాటితే ఆ హోదా అక్కడితో పోతుంది. జైర్యూ కార్డు, అంటే నివాస కార్డు, మీద ఇంకా మూడేళ్లున్నా లెక్కలోకి రాదు. 2012 జులై 9కి ముందు ప్రతివాళ్లూ ప్రయాణానికి ముందు ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి డబ్బు కట్టి అనుమతి వేయించుకునేవాళ్లు. ఆ రోజున జైర్యూ కార్డుల పద్ధతి వచ్చింది, దాంతోపాటే మినాషి సైన్యూకోకు కూడా. సైన్యూకోకు అంటే రీఎంట్రీ, మినాషి అంటే అనుమతి ఉన్నట్టే భావించడం. చెల్లే పాస్‌పోర్టు, జైర్యూ కార్డు చేతిలో ఉండి, తిరిగి వస్తానని ఆ గడిలో టిక్కు పెడితే చాలు, విడిగా అనుమతి అక్కర్లేదు, రుసుమూ లేదు. మూడు నెలలు, అంతకంటే తక్కువ హోదా ఉన్నవాళ్లకు మాత్రం ఇది వర్తించదు.

నేను పాటించే పద్ధతి ఇది. పాస్‌పోర్టు, కార్డు, చీటీ మూడూ కలిపి ఒకేసారి ఇస్తాను, ఇస్తూ ‘సైన్యూకోకు దేసు’ అంటాను. కార్డు తిరిగి చేతికి రాగానే, పర్సులో పెట్టకముందే, దానికి చిల్లు పడలేదని చూసుకుంటాను. శాశ్వతంగా వెళ్లిపోయేవాళ్ల కార్డుకు అక్కడే చిల్లు కొడతారు. ఇద్దరు పిల్లలతో, మూడు బ్యాగులతో, బోర్డింగ్ టైము ముంచుకొస్తుండగా టిక్కు మర్చిపోవడం వింత కాదు. అధికారి చాలాసార్లు అడిగి సరిచేస్తాడు. ఆ అడగడం మీద ఆధారపడకూడదు. చీటీ మనిషికొకటి, చంటిపిల్లకు కూడా. చిన్నపిల్లల కార్డుల్లో చాలావాటి మీద ఫొటో ఉండదు కాబట్టి చాలా ఇళ్లలో అది కార్డే కాదన్నట్టు బీరువా సొరుగులో పడి ఉంటుంది. పిల్లల పాస్‌పోర్టులు తీసేటప్పుడే కార్డులు కూడా తీసి ఒకే కవర్లో పెట్టుకుంటే విమానాశ్రయంలో గుండె జారదు.

అసలు చిక్కు గడువులో ఉంది. మినాషి మీద వెళ్తే బయల్దేరిన నాటి నుంచి ఏడాది లోపల, లేదా కార్డు మీద ఉన్న నివాస గడువు లోపల, ఏది ముందొస్తే ఆలోపు తిరిగి రావాలి. 2026 మే 5న బయల్దేరారు, కార్డు మీద గడువు 2026 ఆగస్టు 20 అనుకుందాం. మీ చివరి తేదీ ఆగస్టు 20, వచ్చే మే కాదు. దీన్ని బయటి దేశం నుంచి పొడిగించే వీలు అసలు లేదు. నాన్నకు ఆపరేషన్ అయినా, ఫ్లైట్లు ఆగిపోయినా అంతే. లెక్కకు వచ్చేది శంషాబాద్‌లో విమానం ఎక్కిన రోజు కాదు, జపాన్‌లో దిగి ఇమిగ్రేషన్ దాటిన రోజు. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది, పైగా బ్యాంకాక్, సింగపూర్, ఢిల్లీ ఏదో ఒక చోట మారాలి. 19 రాత్రి బయల్దేరితే దిగేది 20 మధ్యాహ్నమో సాయంత్రమో. మధ్యలో ఒక ఫ్లైటు తప్పితే 21. కనీసం రెండు వారాలు మిగులు పెట్టుకుని టికెట్టు తీసుకోమంటాను.

కార్డు గడువు ప్రయాణం మధ్యలో పడితే వెళ్లే ముందే రెన్యూవల్ వేసేయడం మేలు. గడువుకు మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. పురుడు, అనారోగ్యం లాంటి కారణం చూపిస్తే అంతకు ముందూ తీసుకోవచ్చు, ముందుగా అడిగి వెళ్లాలి. కావాల్సినవి: ఫారం, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు మూడు సెంటీమీటర్ల వెడల్పు ఫొటో, కుయాకుషో, అంటే వార్డు ఆఫీసు, ఇచ్చే పన్ను విధింపు, పన్ను చెల్లింపు పత్రాలు రెండూ, కంపెనీ స్థాయిని బట్టి కంపెనీ ఇచ్చే కాగితాలు. టోక్యోలో నిషి కసాయ్ వైపు ఉండేవాళ్లకు ఎదోగావా వార్డు వాళ్ల కసాయ్ జిముషోలోనే, అంటే అక్కడి బ్రాంచి ఆఫీసులోనే, ఈ పన్ను పత్రాలు దొరుకుతాయి. రుసుము 2025 ఏప్రిల్ 1 నుంచి కౌంటర్లో 6,000 యెన్లు, ఆన్‌లైన్లో 5,500. దరఖాస్తు వేసేటప్పుడు జపాన్‌లో ఉండాలి, కొత్త కార్డు తీసుకునేటప్పుడూ ఉండాలి. ఆన్‌లైన్ కదా అని హైదరాబాద్‌లో కూర్చుని పంపే వీలు లేదు.

గడువు లోపల దరఖాస్తు వేస్తే, జవాబు రాకముందే గడువు దాటినా హోదా ఉన్నట్టే లెక్క. అది జవాబు వచ్చేదాకా, లేదా గడువు దాటిన రెండు నెలల దాకా, ఏది ముందైతే అంతవరకు. ఈ మధ్య కాలంలో కూడా మినాషి మీద ఊరికి వెళ్లి రావచ్చు. ఆ రెండు నెలలు పూర్తయ్యేలోపు తిరిగి రావడమే కాదు, కొత్త కార్డు కూడా చేతికి తెచ్చుకోవాలి. చివరి వారం దాకా ఊళ్లో ఉండి సోమవారం దిగి మంగళవారం క్యూలో నిలబడదాం అనుకునేవాళ్లు ఆ వారంలో జపాన్ సెలవులు ఉన్నాయేమో చూసుకోవాలి.

ఇందులో రెండు చోట్ల జనం దెబ్బతింటారు. ఒకటి తిరుగు ప్రయాణంలో చెక్‌ఇన్ కౌంటరు. కార్డు ముందువైపు తేదీ దాటిపోయి ఉంటుంది. కౌంటర్లో దరఖాస్తు వేసి ఉంటే వెనకవైపు ‘దరఖాస్తు పరిశీలనలో ఉంది’ అని ముద్ర ఉంటుంది, కానీ అది జపనీస్‌లో. ఎయిర్‌లైన్ వాళ్లు చూసేది ముందువైపు అంకెలు. ఆన్‌లైన్లో వేస్తే ఆ ముద్ర కూడా ఉండదు. దరఖాస్తు అందినట్టు వచ్చిన మెయిలు, రెండు నెలల నిబంధన గురించి జపాన్ ఇమిగ్రేషన్ సంస్థ వాళ్ల ఇంగ్లిష్ పేజీ, రెండూ ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకుని, మామూలు కంటే ఒక గంట ముందు కౌంటరు దగ్గరికి వెళ్లాలి. ఫోన్లో చూపిస్తాలే అనుకుంటే, పై అధికారిని పిలిచి, ఆయన ఇంకెవరికో ఫోను చేసి, ఈలోపు కౌంటరు మూసేస్తారు.

రెండోది పోస్టు డబ్బా. కౌంటర్లో వేసిన దరఖాస్తుకు జవాబు సిద్ధమైతే పోస్టుకార్డు వస్తుంది. అదనపు కాగితాలు కావాలన్నా ఉత్తరమే వస్తుంది, దాంట్లో గడువు తేదీ ఉంటుంది. మీరు ఊళ్లో పెళ్లి పనుల్లో ఉంటే ఆ ఉత్తరం ఇక్కడ అపార్ట్‌మెంటు కింద డయల్ డబ్బాలో పిజ్జా కరపత్రాల మధ్య పడి ఉంటుంది. డబ్బా తిప్పే అంకెలు నమ్మకమైన స్నేహితులకు చెప్పి, వారానికొకసారి చూసి ఫొటో పంపమని అడగాలి. ఇంతకంటే చవకైన జాగ్రత్త ఇంకోటి లేదు.

ఏడాది దాటే అవకాశం ఏ మాత్రం ఉన్నా మినాషి మీద వెళ్లకూడదు, అసలైన రీఎంట్రీ అనుమతి తీసుకోవాలి. టోక్యో వాళ్లు ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లాలంటే షినగావా స్టేషన్ కోనన్ వైపు దిగి 99 నంబరు బస్సు, లేదా టెన్నోజు ఐల్ నుంచి పదిహేను నిమిషాల నడక. పని రోజుల్లో 9 నుంచి 4 దాకా. ఫారం, పాస్‌పోర్టు, జైర్యూ కార్డు ఇస్తే మామూలుగా అదే రోజు పాస్‌పోర్టులో స్టిక్కరు అంటించి ఇస్తారు. ఒకసారి వాడే అనుమతి 4,000 యెన్లు, ఎన్నిసార్లయినా వాడేది 7,000. ఆన్‌లైన్లో 3,500, 6,500. కౌంటర్లో నగదు తీసుకోరు. షూన్యూ ఇన్‌షి అనే రెవెన్యూ స్టాంపులు కొని చీటీకి అంటించి ఇవ్వాలి, అవి ఆఫీసు కింది అంతస్తులోనే దొరుకుతాయి. పొద్దున తొమ్మిదికే జనం నిండిపోతారు. మధ్యాహ్నం వెళ్తే చీకటి పడ్డాక బయటపడాల్సి రావచ్చు.

ఈ అనుమతి గరిష్ఠంగా ఐదేళ్లు, అయితే మీ నివాస గడువును మాత్రం దాటదు. దీనికీ మినాషికీ అసలు తేడా ఏమిటంటే, దీన్ని తప్పనిసరి పరిస్థితుల్లో బయట ఉండగానే జపాన్ రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో పొడిగించమని అడగొచ్చు. మన రెండు రాష్ట్రాల వాళ్లకు చెన్నై కాన్సులేటు. పొడిగింపు ఏడాదికి మించదు, అనుమతి మొదలైన నాటి నుంచి మొత్తం ఆరేళ్లు దాటదు. పీఆర్, అంటే శాశ్వత నివాసం, వచ్చినవాళ్లు ముఖ్యంగా దీన్ని పట్టించుకోవాలి. వాళ్ల నివాసానికి గడువు లేదు, అందుకని ధీమాగా మినాషి మీద వెళ్తారు. ఏడాది దాటిన మర్నాడు పదేళ్ల పీఆర్ పోతుంది. ఇంటి దగ్గర పెద్దవాళ్ల ఆరోగ్యం బాగోలేదని వెళ్లేవాళ్లెవరైనా ఎన్ని రోజులో ముందుగా చెప్పలేరు. నాలుగు వేల యెన్లకు కక్కుర్తి పడాల్సిన చోటు ఇది కాదు. పీఆర్ కార్డుకు మాత్రం గడువు ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి. హోదా శాశ్వతం, ప్లాస్టిక్ ముక్క కాదు.

మనవాళ్లలో ఎక్కువగా తడబాటు వచ్చేది పురిటి ప్రయాణంలో. భార్య డిపెండెంట్ హోదా మీద ఉంటుంది, ఏడో నెల దాటకముందు పుట్టింటికి వెళ్తుంది, బిడ్డకు ఐదో నెల వచ్చాక వద్దామనుకుంటారు. కాలెండరు మీద అది ఎనిమిది నెలలే, ఏడాది లోపలే. కానీ ఇండియాలో పుట్టిన బిడ్డకు జపాన్‌లో ఏ హోదా ఉండదు, మొదటి నుంచి తెచ్చుకోవాలి. జనన ధ్రువపత్రం, దాని మీద బిడ్డ పాస్‌పోర్టు, ఆ పాస్‌పోర్టుతో ఇక్కడ తండ్రి వేసే అర్హతా పత్రం దరఖాస్తు, అందరూ సీఓఈ అనేది అదే. దానికి ఒకటి నుంచి మూడు నెలలు. దానికి జనన పత్రం జపనీస్ అనువాదం కావాలి, తండ్రి ఉద్యోగ, పన్ను పత్రాలు కావాలి. 2023 మార్చి నుంచి సీఓఈ మెయిల్లో కూడా వస్తోంది, కాగితం కొరియర్లో పంపే బాధ తప్పింది. అది వచ్చాక మూడు నెలల్లోపు జపాన్‌లో దిగాలి, అందులోనే వీసా కూడా అయిపోవాలి. వీసా దరఖాస్తు హైదరాబాద్‌లో వీఎఫ్ఎస్ కేంద్రంలో ఇవ్వొచ్చు. బిడ్డ పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి కాబట్టి తండ్రి టోక్యోలో ఉంటే ఆ కాగితం ముందే చేయించి పెట్టుకోవాలి. బారసాల దాకా ఆగి పేరు నిర్ణయించి, తర్వాత జనన పత్రంలో పేరు ఎక్కించి, అప్పుడు పాస్‌పోర్టు అంటే ఒక నెల అక్కడే పోతుంది.

ఈ గొలుసు మధ్యలో తల్లి కార్డు గడువు ఎక్కడుందో చూసుకోకపోవడమే పెద్ద పొరపాటు. బిడ్డ వీసా కోసం ఎదురుచూస్తుండగా ఆమె గడువు దాటితే, ఇప్పుడు ఇద్దరికీ సీఓఈ. అందుకే టికెట్టు కొనే ముందే ఆమె కార్డు తేదీ చూడండి. ప్రసవం తర్వాత కనీసం ఆరేడు నెలలు మిగలకపోతే, ఆమె బయల్దేరకముందే కారణం చూపించి ముందస్తు రెన్యూవల్ అడగండి. ఆ కొత్త కార్డు చేతికి వచ్చాకే ప్రయాణం.

బిడ్డ జపాన్‌లోనే పుడితే వేరే దారి. 14 రోజుల్లో కుయాకుషోలో జనన నమోదు, 30 రోజుల్లో ఇమిగ్రేషన్‌లో నివాస హోదాకు దరఖాస్తు. అప్పటికి భారత పాస్‌పోర్టు రాకపోయినా దరఖాస్తు తీసుకుంటారు, ఎందుకు లేదో రాసివ్వాలి. హోదా లేకుండా బిడ్డ ఉండగలిగేది 60 రోజులు. ఆ లోపు అమ్మమ్మకు చూపించాలని హోదా రాకముందే తీసుకెళ్తే ఆ బిడ్డకు రీఎంట్రీ ఉండదు, మళ్లీ సీఓఈ నుంచి మొదలు.

పాస్‌పోర్టు రెన్యూవల్ ఊళ్లో చేయించుకునేవాళ్లకు ఒక మాట. స్టిక్కరు అనుమతి పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ పట్టుకు రావాలి, తర్వాత ఇక్కడ కొత్తదాంట్లోకి మార్పించుకోవచ్చు. మినాషి అయితే ఈ బాధ లేదు, అది పాస్‌పోర్టుకు అంటుకుని ఉండేది కాదు. మన పేర్లతో ఇంకో పేచీ ఉంది. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్న పాత పాస్‌పోర్టులు, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు ఒకే చోట రాసినవి ఇప్పటికీ ఉన్నాయి. రెన్యూవల్లో ఇంటిపేరు పూర్తిగా విడదీసి రాయిస్తే జపాన్ దృష్టిలో మీ పేరు మారినట్టే. జైర్యూ కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు ముందు పెట్టి రాస్తారు. పేరు మారితే 14 రోజుల్లో ఇమిగ్రేషన్ ఆఫీసులో తెలియజేసి కార్డు మార్పించుకోవాలి, కుయాకుషోలో కాదు. రుసుము ఉండదు. ఊళ్లో పేరు మారితే తిరుగు టికెట్టు కొత్త పేరుతో, కార్డు పాత పేరుతో ఉంటాయి, పాత పాస్‌పోర్టు చేతిలో లేకపోతే చెక్‌ఇన్‌లో వివరించడం కష్టం. ఆ తర్వాత బ్యాంకు, లైసెన్సు, నెన్‌కిన్ (పింఛను) అన్నింట్లో ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవాలి. అంత అవసరం లేకపోతే పాత రాత ప్రకారమే రెన్యూ చేయించుకోవడం సుఖం.

ఉద్యోగం మారే సందులో ఊరెళ్లేవాళ్లు ఎక్కువ. పాత కంపెనీలో చివరి రోజు నుంచి 14 రోజుల్లోపు మానేశానని ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి, కొత్త ఒప్పందం కుదిరాక 14 రోజుల్లో మళ్లీ ఒకటి. ఇంజినీరు హోదా వాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. కంపెనీ పంపే కాగితం వేరు, మనం పంపేది వేరు. హెచ్‌ఆర్ చూసుకుంటారులే అని ఊరుకోకూడదు. ఆన్‌లైన్లో చేయొచ్చు, కార్డు నకలు జతచేసి పోస్టులోనూ పంపొచ్చు, షినగావా దాకా వెళ్లక్కర్లేదు. విమానం ఎక్కే ముందు రోజే చేసేయండి. తప్పితే చట్టంలో రెండు లక్షల యెన్ల దాకా జరిమానా రాసి ఉంది. నిజంగా తగిలే దెబ్బ తర్వాతి రెన్యూవల్లో, పీఆర్ దరఖాస్తులో. మూడేళ్లు రావాల్సిన చోట ఏడాదే వస్తే ఎక్కడ తప్పిందో మనకెవరూ చెప్పరు. సందు మూడు నెలలు దాటితే, సరైన కారణం లేకపోతే, హోదా రద్దుకు కూడా అది ఆధారం కావచ్చు.

ఇల్లు ఖాళీ చేసి ఏడాది, అంతకంటే ఎక్కువ కాలానికి వెళ్తుంటే కుయాకుషోలో టెన్‌షుత్సు తొడోకే, అంటే వెళ్లిపోతున్నట్టు నమోదు, ఇవ్వాలి. వెళ్లే తేదీకి సుమారు రెండు వారాల ముందు నుంచి తీసుకుంటారు. రెండు మూడు నెలల ప్రయాణాలకు ఇది అక్కర్లేదు. పొరపాటున ఇస్తే పిల్లల భృతి ఆగిపోతుంది, చిరునామా పోతుంది. జూమిన్ జెయ్, అంటే నివాస పన్ను, జనవరి 1న ఎక్కడ నమోదై ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫిబ్రవరిలో వెళ్లిపోయినా ఆ ఏడాది జూన్‌లో చీటీ వస్తుంది. కట్టడానికి ఇక్కడ ఒకరిని నియమించి వెళ్లకపోతే బాకీ కింద నిలిచిపోతుంది. తిరిగొచ్చాక ఇల్లు కుదిరిన 14 రోజుల్లో పాస్‌పోర్టు, కార్డు పట్టుకుని మళ్లీ నమోదు చేసుకోవాలి.

పీఆర్ కోసం ఏళ్లు లెక్కపెట్టుకునేవాళ్లు, చట్టంలో అంకె లేకపోయినా, ఒకే ప్రయాణం మూడు నెలలు దాటకుండా, ఏడాది మొత్తంలో ఐదు నెలలకు చేరకుండా చూసుకుంటారు. ఇది దరఖాస్తులు చేయించే లాయర్లు చెప్పే వాడుక లెక్క. రీఎంట్రీ సరిగ్గా ఉన్నంత మాత్రాన నివాసం నిరంతరం అనుకోవడానికి లేదు.

తిరిగి దిగాక రీఎంట్రీ వాళ్ల వరస వేరుగా ఉంటుంది. టూరిస్టుల వరసలో నిలబడి గంట పోగొట్టుకోకండి. పదహారేళ్లు దాటినవాళ్లు వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి, ఎన్నేళ్లుగా ఇక్కడున్నా సరే.

కార్డు ఊళ్లోనే పోతే కంగారు పడక్కర్లేదు, కార్డుతోపాటు హోదా పోదు. ముందు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు చేసి రాతపూర్వకంగా తీసుకోవాలి. రీఎంట్రీ గడువు ఫలానా తేదీ దాకా ఉందని ఇమిగ్రేషన్ ఒక పత్రం ఇస్తుంది. జపాన్‌లో ఉన్న కుటుంబ సభ్యుల చేత దాన్ని తీయించి తెప్పించుకుంటే విమానం ఎక్కనిస్తారు. తిరిగి వచ్చిన 14 రోజుల్లో కొత్త కార్డుకు దరఖాస్తు వేయాలి. ఈ పనంతా కార్డు నంబరు చేతిలో ఉంటేనే త్వరగా కదులుతుంది, కాబట్టి బయల్దేరే ముందు అందరి కార్డులూ రెండు వైపులా ఫొటో తీసి, టోక్యోలో ఉండిపోయే మనిషికి పంపించి వెళ్లండి.